ప్లాట్‌ఫామ్ ఫీజు కట్టాలా వద్దా: రాసి అమ్ముకునేవాళ్ళు ముందే వేసుకోవాల్సిన లెక్క

కథల పుస్తకమో నవలో ఈబుక్‌గా పెట్టి అమ్ముదాం అనుకునేవాళ్ళు ఎవరైనా ముందు అడిగేది "వాళ్ళు ఎంత పర్సెంట్ పట్టుకుంటారు" అనే. అడగాల్సిందే, కాదనట్లేదు, కానీ అదొక్కటే అడిగి ఆగిపోతే పుస్తకం తప్పుడు చోట పెట్టేస్తారు. పది శాతం పట్టుకునేవాడు మీకు ఖరీదు కావచ్చు, అరవై ఐదు శాతం ఉంచేసుకునేవాడి దగ్గర మీకు లాభం ఉండొచ్చు. చూడాల్సింది ఏంటంటే ఆ పుస్తకం కొన్న మనిషిని ఎవరు తీసుకొచ్చారు, మీరా వాళ్ళా. మీ ఫేస్‌బుక్ పోస్ట్ చూసి, మీ పేరు తెలిసి వచ్చిన పాఠకుడి డబ్బులో సగం ఇంకొకరికి ఇవ్వడం నాకైతే అస్సలు ఇష్టం ఉండదు. మీ పేరే ఎప్పుడూ వినని మనిషికి మీ పుస్తకం చూపించి కొనిపించినవాడికి సగం ఇచ్చినా పర్లేదు, ఎందుకంటే వాడు లేకపోతే మిగతా సగం కూడా మీ చేతికి రాదు కదా.

సరే, పెన్ను కాగితం తీస్కోండి. మీ ఈబుక్ ధర 99 రూపాయలు అనుకుందాం, పన్నుల సంగతి కాసేపు పక్కన పెడదాం.

మీ యూపీఐ నంబరుకి పాఠకుడు నేరుగా కొడితే 99కి 99 మీకే వస్తాయి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద ఎండీఆర్, అంటే అమ్మేవాళ్ళ దగ్గర బ్యాంకులు కోసుకునే ఛార్జీ, సున్నా కాబట్టి మధ్యలో ఎవరూ ఏమీ కోసుకోరు. పేమెంట్ గేట్‌వే (పాఠకుడి దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీ అకౌంట్‌కి చేర్చే సర్వీస్) పెట్టుకుంటే, ఉదాహరణకి రేజర్‌పే మామూలు రేటు 2 శాతం, ఆ 2 శాతం మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. అంటే ఒక రూపాయి 98 పైసలు ఫీజు, దానిమీద 36 పైసలు పన్ను, మొత్తం 2 రూపాయల 34 పైసలు పోయి 96 రూపాయల 66 పైసలు చేతికొస్తాయి. యూపీఐ ఫ్రీ కదా గేట్‌వేలో మాత్రం ఎందుకు కోస్తున్నారు అని చాలామంది అడుగుతారు, ఎండీఆర్ లేకపోయినా గేట్‌వే తన సర్వీస్‌కి ప్లాట్‌ఫామ్ ఫీజు అని వేరే వేసుకుంటుంది, అది వేరు ఇది వేరు. ఇంకోటి, డబ్బు రీఫండ్ చేసినా ఆ ఫీజు మాత్రం మీకు తిరిగి రాదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు అమెజాన్ కేడీపీ, అంటే రచయితలు తమ పుస్తకాన్ని తామే కిండిల్ ఈబుక్‌గా పెట్టుకునే చోటు. అక్కడ రెండు రేట్లు, 35 శాతం, 70 శాతం. 35 తీసుకుంటే 99 మీద మీకొచ్చేది 34 రూపాయల 65 పైసలు. 70 అనగానే 69 రూపాయలు వచ్చేస్తాయని సంబరపడకండి, దానికి రెండు మెలికలున్నాయి. మొదటిది, ఇండియాలో అమ్ముడయ్యే కాపీల మీద 70 శాతం కావాలంటే కేడీపీ సెలెక్ట్‌లో చేరాలి, చేరితే 90 రోజులపాటు ఆ ఈబుక్ ఇంకెక్కడా పెట్టకూడదు, మీ సొంత వాట్సాప్‌లో పీడీఎఫ్ అమ్మడం కూడా కుదరదు. ప్రింట్ పుస్తకానికి ఆ అడ్డం లేదు, డిజిటల్‌కి మాత్రమే. రెండోది డెలివరీ ఖర్చు, ఇండియాలో ఎంబీకి 7 రూపాయలు. ఫైల్ 2 ఎంబీ ఉంటే 14 రూపాయలు ముందు తీసేసి మిగిలిన 85లో 70 శాతం ఇస్తారు, అంటే 59 రూపాయల 50 పైసలు. అదే మీరు ట్రావెల్ కథలకి ఫోన్లో తీసిన ఫొటోలన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టేసి ఫైల్‌ని 10 ఎంబీ చేశారనుకోండి, 70 రూపాయలు డెలివరీకే పోయి మిగిలిన 29లో 70 శాతం, అంటే 20 రూపాయల 30 పైసలు! 35 శాతం ప్లాన్‌లో డెలివరీ ఖర్చు లేదు కాబట్టి అదే పుస్తకానికి అక్కడ 34 రూపాయలు వచ్చేవి. పెద్ద పర్సంటేజీ ఎంచుకుని చిన్న మొత్తం తెచ్చుకోవడం అంటే ఇదే. బొమ్మలున్న పుస్తకమైతే అప్‌లోడ్ చేసే ముందు ఫొటోలు కంప్రెస్ చేస్కోండి, ఈ ఒక్క పనికి ఉన్నంత విలువ ఏ మార్కెటింగ్ చిట్కాకీ లేదు.

ఇక అసలు లెక్క. ప్లాట్‌ఫామ్ మీద 100 కాపీలు అమ్మితే, కాపీకి 59.50 చొప్పున 5,950 రూపాయలు. అదే 5,950 గేట్‌వే పెట్టుకుని మీరే సంపాదించాలంటే కాపీకి 96.66 చొప్పున 62 కాపీలు చాలు. కాబట్టి ఆ వందమందిలో 62 మంది మీ లింకు ఇచ్చినా ఎలాగూ కొనేవాళ్ళే ఐతే ప్లాట్‌ఫామ్ వల్ల మీకు కలిసొచ్చింది ఏమీ లేదు. మీ సొంతవాళ్ళు 62 కంటే తక్కువుండి మిగతావాళ్ళు అక్కడ తిరుగుతూ మీ పుస్తకం చూసి కొన్న కొత్తవాళ్ళైతే ఫీజుకి న్యాయం జరిగినట్టే. 35 శాతం రేటుకి ఇదే లెక్క వేస్తే 3,465 రూపాయలకి మీరే అమ్మాల్సింది 36 కాపీలు. అంటే ఆ రేటు గిట్టాలంటే ప్రతి వందలో 64 మందైనా ప్లాట్‌ఫామ్ సొంతంగా తేవాలి. ఏ ప్లాట్‌ఫామ్‌కైనా ఇదే పద్ధతి, అక్కడ వందకి మీకొచ్చే మొత్తాన్ని నేరుగా అమ్మితే కాపీకి మీకు మిగిలేదానితో భాగించండి, వచ్చిన అంకె కన్నా మీ సొంత పాఠకులు ఎక్కువుంటే నేరుగా అమ్ముకోండి, తక్కువుంటే అక్కడ పెట్టండి.

ఎవరు ఎక్కడినుంచి వచ్చారో ఎలా తెలుస్తుంది అంటారా, కచ్చితంగా తెలీదు కానీ దాదాపుగా తెలుసుకునే దారి ఒకటుంది, నాకు తెలిసి ఇంతకన్నా మంచిది లేదు. పుస్తకం వచ్చిన హడావుడి తగ్గాక ఒక రెండు వారాలు మీరు దాని గురించి ఎక్కడా ఒక్క ముక్క మాట్లాడకండి. ఫేస్‌బుక్ పోస్ట్ వద్దు, ఇన్‌స్టా స్టోరీ వద్దు, వాట్సాప్ స్టేటస్ వద్దు. ఫ్రెండ్స్‌కి కూడా షేర్ చేయొద్దని చెప్పండి. ఆ రెండు వారాల్లో సేల్స్ రిపోర్ట్ తెరిచి చూస్తే అమ్మకం సున్నాకి పడిపోయిందా, ఐతే అప్పటిదాకా కొన్నవాళ్ళంతా మీ మనుషులే, ప్లాట్‌ఫామ్ క్యాష్ కౌంటర్ పని తప్ప ఇంకేమీ చేయలేదు. మీరు నోరెత్తకపోయినా రోజూ ఒకటో రెండో కదుల్తున్నాయా, అవి వాళ్ళు తెచ్చినవి. ఇంకో చిన్న పని, పుస్తకం చివరి పేజీలో "ఈ పుస్తకం మీకు ఎక్కడ కనిపించిందో ఒక్క మెసేజ్ పెట్టండి" అని ఒక మెయిల్ ఐడీ ఇవ్వండి. అందరూ పెట్టరు, కానీ పెట్టేవాళ్ళు పుస్తకం చివరిదాకా చదివినవాళ్ళు, వాళ్ళ మాటకి విలువుంటుంది.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో సమస్య ఉంది. 2016లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషలు పెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, తెలుగు రాలేదు. తమిళ రచయితలు కిండిల్ మీద సొంతంగా పాఠకుల్ని పెంచుకుంటుంటే మనం చూస్తూ కూర్చోవాల్సొచ్చింది, దీనిమీద నాకు ఇప్పటికీ బాధే. కేడీపీలో ఏం పెట్టాలన్నా ముందు వాళ్ళ సపోర్టెడ్ లాంగ్వేజెస్ లిస్ట్ తెరిచి తెలుగు ఉందో లేదో చూసుకోండి, లేని భాషలో పెట్టిన పుస్తకాన్ని అమ్మకం నుంచి తీసేసే అధికారం వాళ్ళకుంది. కాబట్టి పైన చెప్పిన కేడీపీ లెక్క ముఖ్యంగా ఇంగ్లీషులో రాసే తెలుగువాళ్ళకి పనికొస్తుంది. వాళ్ళకి ఇంకో మాట, అమెరికా సైట్‌లో అమ్ముడైన కాపీల రాయల్టీ మీద అక్కడి పన్ను 30 శాతం కోస్తారు, అకౌంట్‌లో ట్యాక్స్ ఇంటర్వ్యూ నింపేటప్పుడు మన పాన్ నంబరిచ్చి ఇండియా-అమెరికా ఒప్పందం కింద క్లెయిమ్ చేస్తే అది 15కి తగ్గుతుంది. పది నిమిషాల ఫారం. దాన్ని నింపకుండా వదిలేసి ప్లాట్‌ఫామ్ కమిషన్ ఎక్కువని తిట్టుకునేవాళ్ళున్నారు.

తెలుగు ఈబుక్ అంటే ఒకప్పుడు చాలామందికి కినిగె అనే సైట్ గుర్తొచ్చేది. ఇప్పుడు మామూలుగా వెళ్ళేది గూగుల్ ప్లే బుక్స్, ప్రతిలిపి యాప్. ప్లే బుక్స్‌లో రచయిత వాటా మీరు ఒప్పుకున్న టర్మ్స్‌ని, కొన్నవాళ్ళ దేశాన్ని బట్టి 52 శాతమో 70 శాతమో ఉంటుంది, ఎక్స్‌క్లూజివ్ అనే షరతు లేదు కాబట్టి అక్కడ పెట్టి మీ దగ్గర కూడా అమ్ముకోవచ్చు. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న దాదాపు ప్రతివాళ్ళ దగ్గరా ప్లే స్టోర్ ముందే ఉంటుంది, ఇది చిన్న విషయం కాదు.

కానీ అక్కడిదాకా వెళ్ళేలోపు ఇంకో ఖర్చుంది, ఎవరూ దాన్ని ఫీజు అనరు గానీ నా లెక్కలో అది ఫీజే. మన పుస్తకాలు ఎక్కువగా డీటీపీ వాళ్ళు అను ఫాంట్స్‌లో పేజ్‌మేకర్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో చేసిస్తారు. ప్రింట్‌కి అది బాగానే ఉంటుంది. ఈబుక్ స్టోర్‌కి ఈపబ్ (స్క్రీన్‌కి తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈబుక్ ఫైల్) కావాలి, ఈపబ్‌కి యూనికోడ్ (ఏ ఫోన్లో ఐనా తెలుగు తెలుగులాగే కనపడే టైపింగ్ పద్ధతి) కావాలి. అను ఫాంట్ ఫైల్ తీసుకెళ్ళి కన్వర్టర్‌లో పడేస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు పక్క అక్షరానికి అతుక్కుంటాయి, కొన్నిచోట్ల ఇంగ్లీషు అక్షరాలు తేల్తాయి, మళ్ళీ మొదటి పేజీ నుంచి ప్రూఫ్ చూసుకోవాలి. దీనికి మనిషిని పెట్టుకుంటే డబ్బు, మీరే కూర్చుంటే రోజులు. అలా కాదని ప్రింట్ పీడీఎఫ్‌నే స్టోర్‌లో పడేస్తే ఫోన్లో చదివేవాళ్ళు ప్రతి లైనుకీ జూమ్ చేసి పక్కకి జరుపుకుంటూ చదవలేక రెండు పేజీలకే మూసేస్తారు, ఆ కోపం రివ్యూలో మీ కథ మీద పడుతుంది. కాబట్టి డీటీపీకి ఇచ్చేటప్పుడే యూనికోడ్ ఫాంట్‌లో చేయమని అడగండి, అసలు మీరు రాసేటప్పుడే యూనికోడ్‌లో రాసుంటే ఆ వర్డ్ ఫైల్ ఎక్కడా పారేయకండి, తప్పులు దిద్దిన చివరి కాపీ కూడా అదే ఫైల్లో ఉండేలా చూసుకోండి.

ప్రతిలిపి సంగతి వేరు. బెంగళూరులో 2014లో మొదలైంది, తెలుగులో సీరియల్స్ చదివేవాళ్ళు అక్కడ నిజంగా ఉన్నారు, ఎపిసోడ్ చివర్లో "తర్వాత భాగం ఎప్పుడు అక్కా" అని అడిగేవాళ్ళు ఉన్నారు, కొత్తగా రాసేవాళ్ళకి అంత ఊపు ఇంకెక్కడా దొరకదు. అక్కడ పాఠకుడు సబ్‌స్క్రిప్షనో కాయిన్లో కొంటాడు, అందులోంచి మీ వాటా వస్తుంది. అంటే పుస్తకానికి ఇంత ధర, అందులో ఇంత కమిషన్ అని మీకు సూటిగా కనపడదు. ఇలాంటి చోట మీరు వేసుకోవాల్సిన లెక్క గంటల లెక్క, నెలంతా ఎపిసోడ్లు రాయడానికి ఎంతసేపు కూర్చున్నారు, నెలాఖరుకి ఎంత వచ్చింది. పాఠకులు యాప్ లోపలే కొంటే గూగుల్, ఆపిల్ బిల్లింగ్ వాళ్ళు 15 నుంచి 30 శాతం దాకా పట్టుకోవడం మామూలే, మీ వాటా చూసుకునేటప్పుడు ఏ యాప్‌లో ఐనా సరే ఆ కోత ముందు పోయిందా తర్వాతా అని అడిగి తెలుసుకోండి.

డాలర్లలో అమ్మే చోట అసలు చూడాల్సింది పర్సంటేజీ పక్కన ఉన్న సెంట్లు. ఎవరి ఫైళ్ళు వాళ్ళే అమ్ముకునే గమ్‌రోడ్ సైట్ మీ లింకు ద్వారా వచ్చిన అమ్మకానికి 10 శాతం, దానికి తోడు 50 సెంట్లు తీసుకుంటుంది, కార్డు ప్రాసెసింగ్ ఖర్చు దీనికి విడిగా పడుతుంది, కింది లెక్కలో దాన్ని కలపట్లేదు, వాళ్ళ డిస్కవర్ పేజీ ద్వారా వచ్చిన కొనుగోలైతే 30 శాతం. గమనించారా, వాళ్ళే పాఠకుడిని తెస్తే ఎక్కువ, మీరు తెస్తే తక్కువ, నేను మొదటినుంచి చెప్తున్న పద్ధతిని వాళ్ళే రేటు కార్డులో రాసిపెట్టారు, అందుకు ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. కానీ మన 99 రూపాయల పుస్తకాన్ని అక్కడ ఒక డాలర్ 20 సెంట్లకి పెట్టారనుకోండి, 12 సెంట్లు, 50 సెంట్లు కలిపి 62 సెంట్లు, సగం పైన పోయింది. అదే 5 డాలర్లకి పెడితే ఒక డాలర్ పోతుంది, 20 శాతం. 10 డాలర్లకి పెడితే డాలరున్నర, 15 శాతం. కాబట్టి చిన్న కథలు విడివిడిగా అక్కడ పెట్టకండి, కలిపి ఒక సంపుటి చేసి పెట్టండి.

చందా కట్టించుకుని పాఠకులకి మెయిల్‌లో రచనలు పంపే సబ్‌స్టాక్‌లో కూడా ఇదే. వాళ్ళు 10 శాతం, కార్డు పేమెంట్ చూసే స్ట్రైప్ వాళ్ళు సుమారు 2.9 శాతం, పైన 30 సెంట్లు, మళ్ళీ మళ్ళీ వసూలయ్యే చందా కాబట్టి ఇంకో 0.7 శాతం. నెలకి 5 డాలర్ల చందాలో దాదాపు 98 సెంట్లు, అంటే దాదాపు 20 శాతం పోతుంది. సంవత్సరానికి ఒకేసారి 50 డాలర్లు కట్టిస్తే 7 డాలర్ల 10 సెంట్లు, పద్నాలుగు శాతం చిల్లరే, ఎందుకంటే ఆ 30 సెంట్లు పన్నెండుసార్లు కాకుండా ఒక్కసారే పడతాయి. పైగా పాఠకుల మెయిల్ ఐడీల లిస్టు మీరు ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేసుకుని తీసుకెళ్ళిపోవచ్చు, కేడీపీలో ఎవరు కొన్నారో మీకు ఎప్పటికీ తెలియదు. నా దృష్టిలో ఆ లిస్టు ఇచ్చేవాడికి పది శాతం ఎక్కువిచ్చినా తప్పులేదు, రెండో పుస్తకం వచ్చినప్పుడు అదే మీ పెట్టుబడి. ఐతే ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక ఇబ్బంది, స్ట్రైప్ ఇక్కడ కొత్త అకౌంట్లు ఇన్విటేషన్ ఉంటేనే ఇస్తోంది, అది లేకపోతే సబ్‌స్టాక్‌లో ఫ్రీగా రాయొచ్చు కానీ డబ్బు తీసుకోవడం కుదరదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి తెలుగులో రాసేవాళ్ళకి ఈ గొడవ లేదు, వాళ్ళకి ఇది మంచి దారి. ఇక్కడుండి అక్కడి పాఠకులకి అమ్మేవాళ్ళైతే "మా నాన్నగారితో ఫోన్‌పే కొట్టిస్తా అన్నా" అనే మాట వినే ఉంటారు, నలుగురైదుగురి వరకూ అది పర్లేదు, ఎక్కువమంది ఉంటే ఇంటర్నేషనల్ కార్డులు తీసుకునే గేట్‌వే ఆప్షన్ ఆన్ చేయించుకోండి, రేటు లోకల్ కన్నా ఎక్కువుంటుంది, ఐనా గమ్‌రోడ్ కన్నా తక్కువే పడుతుంది.

మరి ఫీజే లేని దారి, అంటే యూపీఐకి కొట్టించుకుని వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపడం, అదే మేలు కదా అంటే ఒక హద్దు వరకు మేలే. పని ఎలా ఉంటుందో చెప్తా. రాత్రి పదకొండున్నరకి ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది, "పంపించా చూడండి మేడమ్". మీరు బ్యాంక్ యాప్ తెరిచి చూస్తే అందులో పేరు ఇంకేదో ఉంటుంది, భర్త అకౌంట్ నుంచి కొట్టారు. లేదా డబ్బు పెండింగ్‌లో ఉంటుంది. లేదా ఆ స్క్రీన్‌షాట్ ఫేక్, అలాంటివి తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. కాబట్టి స్క్రీన్‌షాట్ చూసి ఎప్పుడూ ఫైల్ పంపకండి, ప్రతి పేమెంట్‌కీ వచ్చే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరులో చివరి నాలుగు అంకెలు టైప్ చేసి పంపమనండి, మీ అకౌంట్ స్టేట్‌మెంట్‌లో ఆ అంకెలు కనిపించాకే పంపండి. పంపే ప్రతి పీడీఎఫ్‌లోనూ కొన్నవాళ్ళ పేరు పేజీ కింద చిన్నగా వచ్చేలా వాటర్‌మార్క్ వేయండి, టెలిగ్రామ్ గ్రూపుల్లో పడేవాటిని పూర్తిగా ఆపలేరు గానీ తన పేరున్న ఫైల్‌ని ఫార్వర్డ్ చేయడానికి మనిషి కాస్త వెనకాడతాడు. "డిలీటైపోయింది మళ్ళీ పంపండి" అని ఆరునెలలకి అడిగేవాళ్ళ కోసం ఒక షీట్‌లో పేరు, తేదీ, యూటీఆర్ రాసుకోండి. పబ్లిక్‌గా ఇచ్చే నంబరు మీ పర్సనల్ నంబరు కాకుండా చూసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ళు, పుస్తకం కొనే వంకతో అర్థరాత్రి మెసేజ్‌లు పెట్టే మనుషుల్ని భరించాల్సిన అవసరం మీకు లేదు.

ఈ పనంతా కాపీకి ఐదు నిమిషాలు అనుకున్నా నెలకి పది కాపీలకి బాధ లేదు. రోజుకి పది ఐతే అది ఉద్యోగం. అప్పుడు కాపీకి 2 రూపాయల 34 పైసలు గేట్‌వేకి ఇచ్చి పేమెంట్ పేజీ పెట్టుకోవడం కన్నా చవక ఇంకోటి లేదు, వెబ్‌సైట్ కూడా అక్కర్లేదు, పాన్, బ్యాంక్ అకౌంట్‌తో కేవైసీ ఐపోతే లింక్ ఇస్తారు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, సంక్రాంతి ముందు విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్తే ఆ లింకునే క్యూఆర్ చేసి స్టాల్‌లో మీ ప్రింట్ పుస్తకం పక్కన అంటించొచ్చు. ఈ 2 శాతం మీద తర్జనభర్జన పడేవాళ్ళకి ఒక్కటే చెప్తా, ప్రింట్ పుస్తకానికి డిస్ట్రిబ్యూటర్‌కి 40 శాతం దాకా ఇస్తూ వచ్చినవాళ్ళం మనం, అది కూడా కాపీలు అమ్ముడై డబ్బు తిరిగొచ్చేదాకా నెలలు ఎదురుచూసి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అమ్మకం జరిగితేనే పోయే ఫీజులు. అమ్మకం జరక్కముందే కట్టమనే ఫీజు మాత్రం పూర్తిగా వేరే జాతి, దాని విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది, కట్టకండి. "పబ్లిషింగ్ ప్యాకేజ్" అని ముప్ఫై వేలో యాభై వేలో చెప్పి అందులో ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు), కాపీరైట్ రిజిస్ట్రేషన్ అని లైన్లు రాస్తారు. ఇండియాలో ఐఎస్‌బీఎన్ ఉచితం, కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ పోర్టల్‌లో మీ పేరు మీదే అప్లై చేసుకోవచ్చు. సాహిత్య రచనకి కాపీరైట్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు, అది కూడా తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. ఎడిటింగ్‌కో కవర్ డిజైన్‌కో డబ్బిస్తే ఆ పని చేసే మనిషికి నేరుగా ఇవ్వండి, వాళ్ళు ముందు చేసిన పుస్తకాలు చూసి ఇవ్వండి. మా పరిచయస్తులొకరు ఇలాంటి ప్యాకేజ్ కట్టి, తర్వాత చూసుకుంటే ఐఎస్‌బీఎన్ ఆ సంస్థ పేరు మీద ఉంది, ఈబుక్ లాగిన్ వాళ్ళ చేతిలో ఉంది, ధర మార్చాలన్నా వాళ్ళనే అడగాలి. లాగిన్ మీ మెయిల్ ఐడీ మీద లేకపోతే ఆ పుస్తకం మీ చేతిలో లేనట్టే.

డబ్బు రూపంలో కనపడని ఫీజు ఒకటుంది, హక్కులు. కమిషన్ తక్కువ చెప్పి అగ్రిమెంట్‌లో ఆడియో, కామిక్, వెబ్ సిరీస్, అనువాదం హక్కులన్నీ రాయించుకుంటే అది 35 శాతం కన్నా చాలా పెద్ద కోత. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయితల కోసం కొన్ని రక్షణలు పెట్టింది, హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. కానీ అగ్రిమెంట్‌లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసి మీరు ఒప్పుకుంటే ఆ రక్షణ పనిచేయదు. కాబట్టి యాప్‌లో టిక్ కొట్టే ముందు ఎక్స్‌క్లూజివ్ (ఇంకెక్కడా ఇవ్వకూడదు), పర్పెచ్యువల్ (శాశ్వతంగా), డెరివేటివ్ (మీ రచన నుంచి తయారుచేసే సినిమా, అనువాదం లాంటివి) అనే మూడు మాటలు వెతకండి. అవి కనపడితే తీరిగ్గా చదివి, అవసరమైతే తెలిసిన లాయర్‌కి చూపించి అప్పుడు ఒప్పుకోండి.

పన్నుల సంగతి క్లుప్తంగా. ప్రింట్ పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈబుక్‌కి ఉంది, 2018 జూలై నుంచి ప్రింట్ వెర్షన్ ఉన్న ఈబుక్‌కి 5 శాతం, లేనిదానికి 18. పన్ను కలిపిన ధర అడిగే ప్లాట్‌ఫామ్‌లో 99 అని పెడితే 18 శాతం చొప్పున ముందు అది తీసేసి దాదాపు 84 రూపాయల మీద మీ వాటా లెక్కేస్తారు, అందుకే రిపోర్ట్‌లో అంకె మీరు అనుకున్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది, మోసం జరిగిందని కంగారు పడకండి, ముందు ఇది చూడండి. ప్రింట్ కూడా తెస్తే పన్ను తేడా మీకు కలిసొస్తుంది. రాయల్టీ మీద టీడీఎస్ కోస్తే, మీరు కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైతే రిటర్న్ వేసి ఎక్కువ పోయింది వెనక్కి తెచ్చుకోవచ్చు. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్న రచయితలకి పుస్తకాల రాయల్టీ మీద 3 లక్షల దాకా మినహాయింపు ఉంది (1961 ఆదాయపన్ను చట్టంలో అది 80క్యూక్యూబీ సెక్షన్), షరతులున్నాయి, కొత్త పద్ధతిలో ఐతే రాదు, ఎవరైనా సీఏని అడిగి ఏది ఎంచుకోవాలో తేల్చుకోండి.

ఇప్పుడు మొదటి పుస్తకం చేతిలో పెట్టుకుని ఎక్కడ మొదలెట్టాలి అనేవాళ్ళకి నేను చెప్పే పద్ధతి. మూడు నాలుగు వందలమంది మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టి చదువుతున్నారంటే ముందు పేమెంట్ లింక్ పెట్టి వాళ్ళకి నేరుగా అమ్మండి, మొదటి నెల ప్లాట్‌ఫామ్ జోలికే పోకండి, మీ మనుషుల డబ్బు మొత్తం మీ దగ్గరికే రానివ్వండి. నెల తిరిగాక ప్లే బుక్స్‌లో పెట్టండి, కొత్తవాళ్ళ కోసం. అసలు ఎవరికీ తెలియని కొత్త రచయితైతే దీనికి రివర్స్‌లో వెళ్ళండి, సీరియల్ యాప్‌లో ఒక నవలిక ఫ్రీగా పెట్టి పాఠకుల్ని సంపాదించండి, కానీ మీ దగ్గరున్న అన్నిటికన్నా మంచి రచనని అక్కడ ఎక్స్‌క్లూజివ్‌గా ఇచ్చేయకండి, దాన్ని ఉంచుకోండి. ఎక్కడ పెట్టినా లోపల మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ మీ మెయిల్ లిస్టు లింక్ ఉండాలి. మూడు నెలలకోసారి రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టుకుని పైన చెప్పిన భాగారం మళ్ళీ చేయండి, పాఠకులు మారుతుంటారు, ప్లాట్‌ఫామ్‌ల రేట్లు కూడా మారుతుంటాయి, అందుకే మీరు చేరిన రోజు వాళ్ళ ఫీజుల పేజీని ఒక పీడీఎఫ్‌గా సేవ్ చేసి పెట్టుకోండి, తర్వాత రేటు మారి మెయిల్ వచ్చినప్పుడు ఏది ఎంత పెరిగిందో పక్కన పెట్టి చూసుకోవచ్చు.